పువ్వు చూస్తే పేరు తెలియదు: కడప కొండల్లో ఎర్రచందనం, వేగి, వాటిలాంటి మరికొన్ని జంటలు

క్లుప్తంగా

ఎర్రచందనం, వేగి ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) చెట్లు. పూలు, కాయలు, గాటు పెడితే కారే ఎర్ర జిగురు రెండింటికీ దాదాపు ఒకటే. తేడా తెలిసేది ఆకులో, ముదిరిన చెట్టయితే బెరడులో, కొట్టిన దుంగయితే చేవలో, అంటే నడిమి గట్టి చెక్కలో. పొడి అయ్యాక మాత్రం కంటితో ఏదీ తేలదు. ఒక్కో గుర్తు ఒక్కో దశలోనే పనికొస్తుంది. ఈ సంగతి పట్టించుకోకుండా ఒకే గుర్తును అన్నిచోట్లా వాడటం వల్లే గందరగోళమంతా.

గొడవ ఎక్కడ మొదలవుతుంది

ఎండలు ముదిరేసరికి సిద్ధవటం, బద్వేలు వైపు కొండల్లో, లంకమల వాలుల్లో పసుపు పూలు విరగబూసిన చెట్ల ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కింద ఒకరు ఎర్రచందనం అంటారు, ఇంకొకరు కాదు వేగి అంటారు, మూడో మనిషి వచ్చి రెండూ ఒకటేనని తేల్చేస్తాడు. మూడో మాట తప్పు. మొదటి రెండింట్లో ఏది కరెక్టో ఆ ఫొటో చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు, ఎందుకంటే ఫొటోలో ఉండేది పూలగుత్తి ఒక్కటే.

ముందు సంబంధం లేనివాటిని పక్కన పెట్టేయొచ్చు. కొండగోగు కూడా ఎండల్లో పసుపుగా పూస్తుంది గానీ దాని పువ్వు బాగా పెద్దది, ఆకు తమ్మెలుగా చీలి ఉంటుంది, ఆ చెట్టు కుటుంబమే వేరు. రేల పూలు గొలుసుల్లా కిందికి వేలాడతాయి. శ్రీగంధం పేరులో గంధం ఉన్నా ఎర్రచందనానికి ఏ చుట్టరికమూ లేదు: పక్క చెట్ల వేళ్ళ నుంచి కొంత ఆహారం లాక్కుని బతికే చెట్టు అది, ఆకులు ఎదురెదురుగా వస్తాయి, చెక్కకు వాసన ఉంటుంది. ఎర్రచందనం చెక్కకు అలాంటి సువాసన లేదు. చందనం అంటే వాసన రావాల్సిందే అనుకుని ఎర్ర చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అసలు చిక్కు దగ్గరి చుట్టాలతోనే. ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ సాంటాలినస్. వేగి, కొన్నిచోట్ల ఏగి, ఏగిస అనేది టెరోకార్పస్ మార్సూపియం. మొదటిది ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరుగుతుంది. కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం పాత జిల్లాల కొండలు, వాటిని ఆనుకుని ఉన్న కొద్దిపాటి ప్రాంతం, అంతే. వేగి అలా కాదు, దక్షిణ భారతమంతటా, మధ్య భారతంలో, శ్రీలంకలో కూడా ఉంది. అంటే కడప కొండల్లో రెండూ పక్కపక్కనే కనిపించొచ్చు గానీ, మధ్యప్రదేశ్ అడవిలో తీసిన ఫొటో కింద ఎర్రచందనం అని రాసి ఉంటే అది నాటిన చెట్టయినా అయి ఉండాలి, పేరైనా తప్పయి ఉండాలి. ఊరి పేరు తెలిస్తే సగం పని అయిపోయే సందర్భాలు ఇవే.

పూలు ఎందుకు ఒకేలా ఉంటాయి

రెండు చెట్ల పువ్వూ చిక్కుడు కుటుంబపు నమూనాలోదే. పైన ధ్వజం అనే పెద్ద రేక, పక్కన రెండు రెక్కలు, అడుగున కేసరాలను దాచుకునే ద్రోణి రేకలు రెండు. అనంతపురం చేలల్లో వేరుశనగ పువ్వును దగ్గరగా చూసినవాళ్ళకు ఈ అమరిక కొత్తేమీ కాదు. తేనెటీగ వచ్చి రెక్కల మీద వాలుతుంది, దాని బరువుకు అడుగు రేకలు కిందికి వంగుతాయి, లోపలి కేసరాలు దాని ఒంటికి తగిలి పుప్పొడి అంటుకుంటుంది. ఈ ఏర్పాటులో ఒక రేక ఆకారం కాస్త ఎక్కువ మారినా పుప్పొడి తగలాల్సిన చోట తగలదు, కాయ పడదు. అందుకే దగ్గరి జాతులు వేరుపడి ఎంతకాలమైనా పువ్వు నమూనా అంత తేలిగ్గా మారదు.

ఆకుకు ఆ కట్టుబాటు లేదు. నేల ఎంత లోతు, నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి, ఎండ ఎంత అనేదాన్ని బట్టి ఆకు పరిమాణం, మందం, సంఖ్య మారే వీలు ఎక్కువ. వృక్షశాస్త్రంలో పువ్వు చూసి కుటుంబం, ప్రజాతి తేల్చి, జాతి దగ్గరికొచ్చేసరికి ఆకు, బెరడు, కాయ వెతకడం మామూలే. పూల ఫొటో మీద కొట్టుకునేవాళ్ళు ప్రజాతి దాకా కరెక్టుగానే వచ్చి, అక్కడి నుంచి అదే గుర్తుతో ఇంకో అడుగు వేయాలని చూస్తారు. ఫొటో చూసి చెట్టు పేరు చెప్పే ఫోన్ యాప్‌లు చాలాసార్లు జారేది కూడా అక్కడే.

పూత కాలం మాత్రం కొంత సాయం చేస్తుంది. ఎర్రచందనం ఆకు రాల్చి, మళ్ళీ చిగురు వేసే వేసవిలో, ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. వేగి పూత వేసవి చివర్లో మొదలై వానాకాలంలోకి సాగుతుంది. ఆగస్టులో పూసిన చెట్టు కనిపిస్తే వేగి వైపు మొగ్గొచ్చు. మే నెలాఖరులో అయితే ఈ లెక్క ఎటూ తేల్చదు. పైగా వానలు ముందూ వెనకా అయితే పూత కూడా అటూ ఇటూ అవుతుంది, కాబట్టి దీన్ని సాక్ష్యంగా కాకుండా సూచనగా తీసుకోవడమే మంచిది.

ఆకుల లెక్క, దాంట్లో ఉన్న మెలిక

చెట్టు మీద కాస్త పెద్దదైన ఆకు ఒకటి కనిపిస్తే అది పూర్తి ఆకా, ఆకులో ఒక ముక్కా అనేది ముందు తేలాలి. ఎర్రచందనం, వేగి రెండింటివీ సంయుక్త పత్రాలు, అంటే ఒకే కాడ మీద కొన్ని పత్రకాలు అమరి ఉంటాయి. తేడా పట్టేది మొగ్గతో. కొమ్మకు కాడ అంటుకునే చోట, ఆ సందులో చిన్న మొగ్గ ఉంటుంది, అక్కడి నుంచి చివరి దాకా అంతా కలిపి ఒక ఆకు. పత్రకం మొదట్లో ఎంత వెతికినా మొగ్గ ఉండదు. ఇది చూసుకోకుండా లెక్కపెడితే మూడు పత్రకాల ఆకు మూడు ఆకులైపోతుంది, మొత్తం లెక్క తప్పుతుంది.

ఇప్పుడు లెక్క. ఎర్రచందనానికి ఎక్కువగా మూడు పత్రకాలు, అప్పుడప్పుడు ఐదు. వెడల్పుగా, గుండ్రానికి దగ్గరగా ఉంటాయి, చివరి పత్రకం మిగతా రెండింటి కంటే సాధారణంగా పెద్దది. వేగికి ఐదు నుంచి ఏడు పత్రకాలు, ఈనెకు అటొకటి ఇటొకటిగా వస్తాయి, పొడవు ఎక్కువ వెడల్పు తక్కువ, దళసరిగా పైన నున్నగా మెరుస్తుంటాయి.

ఐదు దగ్గర రెండూ కలుస్తాయి, మెలిక అక్కడే. ఒక్క ఆకు తెంపి ఐదు లెక్కపెట్టి వేగి అనేయడం, లేదా రాలిన ఆకులో మూడే మిగిలాయి కాబట్టి ఎర్రచందనం అనేయడం, రెండూ తొందరపాటే. ఒకే చెట్టు మీద వేర్వేరు కొమ్మల్లో కనీసం పది ఆకులు చూడాలి. వాటిలో ఎక్కువ భాగం మూడు అయితే ఎర్రచందనం, ఏడు గనక ఒకటి రెండు చోట్లయినా కనిపిస్తే వేగి అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

పత్రకం కొసన చిన్న నొక్కు ఉంటే ఎర్రచందనమని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. నొక్కు ఉండేది నిజమే గానీ వేగి పత్రకాల కొసనా చాలావాటికి అదే నొక్కు ఉంటుంది. రెండింట్లోనూ ఉన్నది గుర్తు కాదు కదా.

వేగితో కలిసిపోయే ఇంకొకటి కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఇరుగుడు. జిట్టేగి అని కూడా అంటారు, రోజ్‌వుడ్ ఇదే. దీనికీ ఐదు నుంచి ఏడు గుండ్రటి పత్రకాలు, అవీ అటొకటి ఇటొకటిగానే. ప్రజాతి మాత్రం వేరు, డాల్బెర్జియా. పూలు చిన్నవి, తెల్లవి. కాయ పలచగా పొడుగ్గా పట్టీలా ఉంటుంది. టెరోకార్పస్ కాయ గుండ్రంగా, నడుమ గింజ ఉబ్బెత్తుగా, చుట్టూ పలచని రెక్కతో ఉంటుంది కాబట్టి చెట్టు కింద ఒక్క ఎండుకాయ దొరికినా ఈ అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

బెరడు, జిగురు, చేవ

ఆకు లేని కాలంలో బెరడే దిక్కు. ముదిరిన ఎర్రచందనం బెరడు నలుపు కలిసిన గోధుమ రంగులో, నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, మొసలి వీపులా పలకలు పలకలుగా కనిపిస్తుంది. వేగి బెరడు బూడిద రంగులో గరుకుగా ఉంటుంది, పగుళ్ళు ఎక్కువగా నిలువునా పోతాయి, ఆ నలుచదరపు పలకలు అంత స్పష్టంగా రావు. అయితే ఈ తేడా వయసొచ్చిన చెట్లకే. చేతి మందం ఉన్న లేత చెట్టు బెరడు చూసి జాతి చెప్పేవాళ్ళను అంతగా నమ్మనక్కర్లేదు.

ఎత్తు కూడా పనికిరాదు. వేగి మంచి నేలలో 30 మీటర్ల దాకా పోతుంది, ఎర్రచందనం సాధారణంగా 8 నుంచి 10 మీటర్ల మధ్యస్థ చెట్టు. పుస్తకంలో చూస్తే ఇది పెద్ద తేడానే. కానీ ఏటా 700 మిల్లీమీటర్ల వాన కూడా కచ్చితం కాని కడప జిల్లా రాతిగుట్టల మీద వేగి కూడా ఎదగకుండా గిడసబారిపోతుంది.

ఎక్కువమంది పొరబడేది జిగురు దగ్గర. బెరడుకు గాటు పెడితే నెత్తురులాంటి ఎర్రటి ద్రవం కారుతుంది, అది చూడగానే ఎర్రచందనమే అనుకుంటారు. వేగి కూడా అలాగే కారుతుంది. నిజానికి మందుల వ్యాపారంలో కైనో అనే పేరుతో పాతకాలం నుంచి పేరున్న ఎర్ర జిగురు వేగిదే. కాబట్టి గాటు పెట్టి చూడటం వల్ల చెట్టుకు దెబ్బే తప్ప పేరు తేలదు, పైగా రిజర్వు అడవిలో ఆ గాటు కూడా నేరమే.

కొట్టిన దుంగ అడ్డకోతలో మాత్రం దాపరికం లేదు. ఎర్రచందనం చేవ ముదురు ఎరుపు నుంచి ఊదా కలిసిన నలుపు దాకా ఉంటుంది, బాగా ముదిరిన చేవ నీళ్ళలో మునిగేంత బరువు. వేగి చేవ పసుపు కలిసిన గోధుమ రంగు. షుగరు ఉన్నవాళ్ళకు నీళ్ళు పోసి తాగమని అమ్మే చెక్క గ్లాసులు ఈ వేగివే. రాత్రి పోసిన నీళ్ళు తెల్లారేసరికి గోధుమ రంగుకు తిరిగి, వెలుతురులో పక్క నుంచి చూస్తే నీలి మెరుపు వేస్తాయి. ఆ నీళ్ళ వైద్యం సంగతి వేరే చర్చ, గుర్తింపుకు మాత్రం ఆ నీలి మెరుపు బాగా పనికొస్తుంది.

ఎర్రచందనంలో అలల ధార ఉన్న దుంగకు ఎక్కువ రేటు పలుకుతుంది కాబట్టి దాన్ని వేరే రకం చెట్టుగా, కొన్నిసార్లు వేరే జాతిగా చెప్పుకుంటారు. జాతి ఒకటే. నార వంపు తిరిగిందా, నిటారుగా ఉందా అన్నదే తేడా, బయట నుంచి ఆకు, పువ్వు చూసి అది చెప్పలేరు. జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీ వాద్యానికి ఈ కలపను కోరుకోవడం ఆ రేటు వెనక ఉన్న కారణాల్లో ఒకటి.

నర్సరీలో అసలు ప్రమాదం

అడవిలో పేరు తప్పు చెబితే పెద్దగా పోయేదేమీ లేదు. పొలంలో తప్పయితే ఒక తరం కష్టం పోతుంది, ఎందుకంటే ఎర్రచందనంలో అమ్ముడుపోయే చేవ పట్టడానికి 20, 25 ఏళ్ళు ఆగాలి. ఆ తప్పుకు వీలు ఎక్కడుందో చూస్తే, విత్తనం దగ్గరే. టెరోకార్పస్ కాయను పగలగొట్టి గింజ తీయడం కష్టం కాబట్టి సాధారణంగా కాయనే నానబెట్టి నాటుతారు. రెండు జాతుల కాయలూ గుండ్రంగా రెక్కతో ఒకేలా ఉంటాయి. ఎర్రచందనం పూత వేసవిలో అయినా కాయ పండేది మళ్ళీ ఏడాది ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, చెట్టు మీద ఆకు పలచబడ్డ రోజుల్లో. అంటే ఏరేవాడికి ఆకు చూసుకునే వీలు తక్కువ. కింద రాలిన కాయలు ఏరి సంచిలో వేస్తే, ఏది ఏ చెట్టుదో ఆ తర్వాత చెప్పేవారుండరు.

మొలిచాక కూడా కొన్నాళ్ళు తేలదు. ఎర్రచందనం మొలకకు మొదట వచ్చేవి ఒంటి ఆకులే, మూడు పత్రకాలు ఆ తర్వాత మొదలవుతాయి. కాబట్టి జానెడు మొక్కను చూపించి మూడు పత్రకాల లెక్క అడగడమూ తప్పే, ఆ లెక్క లేదని మొక్కను పారేయడమూ తప్పే. మొక్క కాస్త ఎదిగి సంయుక్త పత్రాలు వరసగా వేసేదాకా ఆగి కొంటే నయం. కాయ ఏ చెట్టు నుంచి వచ్చిందో చెప్పగలిగే నర్సరీలో కొంటే ఇంకా నయం.

ఇంకొన్ని జంటలు

ఇదే తంతు వేరే చెట్లలోనూ నడుస్తుంది. శేషాచలం, పాలకొండల్లో దొరికే కొండగుగ్గిలం, దాని దాయాది అందుగు, రెండూ బాస్వెల్లియా అనే ఒకే ప్రజాతివే. రెండింటికీ కాగితంలా ఊడే బెరడు, వాసన జిగురు, చెట్టు మోడుగా ఉన్నప్పుడు వచ్చే చిన్న పూలు. అందుగు పత్రకాల అంచు రంపపు పళ్ళలా ఉంటుంది, కొండగుగ్గిలం పత్రకం అంచు నున్నగా, ఆకారం కోలగా ఉంటుంది. ఇబ్బందేమిటంటే పూత ఉన్నప్పుడు చెట్టు మీద ఆకే ఉండదు. చెట్టు కింద రాలిన ఆకు వెతకాలి, లేదా వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాలి. కొండగుగ్గిలాన్ని వేరే జాతిగా శాస్త్రవేత్తలు వర్ణించిందే 1961లో. అంతకు ముందు ఎంతమంది దాన్ని చూసి అందుగు అనుకుని దాటిపోయారో.

మొగి, నేరేడు ఇంకో జంట. తెల్లటి కుచ్చు పూలు రెండింటికీ ఒకటే. నేరేడు ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జంటగా వస్తాయి, మొగి ఆకులు ఎక్కువగా ఒకటి తప్పించి ఒకటిగా వస్తాయి, శాస్త్రీయ నామంలో ఆల్టర్నిఫోలియం అని ఉన్నది అందుకే. నేరేడు దేశమంతా ఉంది, మొగి తూర్పు కనుమల దక్షిణ భాగం దాటితే అరుదు. మోదుగ, తీగమోదుగల సంగతి ఇంత కష్టం కాదు. పువ్వు, మూడు పత్రకాల ఆకు ఒకేలా ఉన్నా ఒకటి చెట్టు, రెండోది పక్క చెట్ల మీదికి పాకే లావుపాటి తీగ. పువ్వును మాత్రమే దగ్గరగా ఫొటో తీసి పంపితే మాత్రం ఇదీ కష్టమే.

తేడా వల్ల ఏం మారుతుంది

అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది, అంటే దేశం దాటాలంటే పర్మిట్ తప్పనిసరి. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ముప్పున్న జాతి. రాష్ట్రంలో 2016లో అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచారు. సొంత పొలంలో పెంచినా కొట్టడానికి, తరలించడానికి అనుమతులు కావాలి. అలా ప్రైవేటు భూముల్లో పెరిగిన కలప ఎగుమతికి 2019లో కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. వేగి మీద ఇంత గట్టి ఆంక్షలు లేవు. కాగితం మీద ఒక్క జాతి పేరు మారితే కేసు మారుతుంది, రేటు మారుతుంది. అందుకే పట్టుకున్న దుంగ విషయంలో కంటిచూపుతో ఆగకుండా, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ లాంటి చోట కలప లోపలి నిర్మాణం చూసి తేల్చే ఏర్పాటు ఉంది.

అక్కడా ఒక పరిమితి ఉంది. ఒకే ప్రజాతిలోని కలపలు మైక్రోస్కోపు కింద కూడా బాగా పోలి ఉంటాయి. ఆఫ్రికాకు చెందిన టెరోకార్పస్ టింక్టోరియస్ కలప చైనా మార్కెట్లో ఎర్రచందనం పేరుతో అమ్ముడవడానికి వీలు కల్పించింది ఆ పోలికే, దాని మీద కూడా ఒత్తిడి పెరిగి 2019లో సైటిస్ జాబితాకు ఎక్కింది. ఇలాంటి చోట డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (డీఎన్‌ఏలో ఒక చిన్న భాగం చూసి జాతి తేల్చడం), రసాయన పరీక్షల అవసరం వస్తుంది.

ముఖానికి రాసుకునే రక్తచందనం పొడి విషయంలో ఇంట్లో చేయగలిగేది కొంత ఉంది. ఎర్రచందనానికి రంగునిచ్చే శాంటాలిన్ చల్లటి నీళ్ళలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. చిటికెడు పొడి గ్లాసు నీళ్ళలో వేయగానే నీళ్ళు ఎర్రగా మారిపోతే రంగు కలిపారని అనుమానించొచ్చు. మారకపోతే అది ఎర్రచందనమేనని మాత్రం దీనితో తేలదు, నీళ్ళలో కరగని ఎర్ర కలపలు ఆ ఆఫ్రికా చెట్లతో సహా ఇంకా ఉన్నాయి.

అడవిలో చూసిన చెట్టు పేరు అడగదలిస్తే పూలగుత్తి ఫొటో ఒక్కటి చాలదు. కొమ్మకు కాడ అంటుకున్న చోటు కనపడేలా పూర్తి ఆకు, ఒకే చెట్టువి నాలుగైదు కొమ్మలు, మనిషి ఎత్తులో బెరడు, చెట్టు కింద పడిన కాయ, తీసిన నెల, కొండ పేరు పంపాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలాంటి చోట్ల హెర్బేరియంలో ఎండబెట్టిన నమూనాలతో పోల్చి చెప్పాలన్నా అడిగేది ఇవే. కొమ్మ విరిచి పట్టుకెళ్ళాలంటే మాత్రం అటవీ శాఖ అనుమతి ఉండాలి.